ఒక్క సీజన్‌తో ఆగిపోయిన జట్టుకు ఆటగాళ్ల లెక్కలు కట్టడం ఎలా

పాత జట్టు లెక్కల్ని అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది, తెలియని చోట పెట్టిన సున్నా. తప్పు అంకె ఎక్కడో ఒకచోట కూడికలో తేలి దొరికిపోతుంది. సున్నా మాత్రం నిజమైన అంకెలా కూర్చుని, ఆటగాడి సగటును ఎప్పటికీ కిందికి లాగుతూనే ఉంటుంది. పదేళ్లు ఆడిన జట్టయితే ఒకటి రెండు ఆటల తేడా కలిసిపోతుంది. పదిహేను ఇరవై ఆటలతో మూతపడిన జట్టుకు ఆ అవకాశం లేదు.

ఈ పని నేర్చుకోవడానికి మంచి నమూనా అమెరికాలో దొరుకుతుంది. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఊరి కెకియోంగా అనే బేస్‌బాల్ జట్టు 1871లో, అంటే మొట్టమొదటి ప్రొఫెషనల్ లీగ్ నేషనల్ అసోసియేషన్ మొదటి సీజన్‌లో ఆడింది. ఆ లీగ్‌లో మొదటి ఆట 1871 మే 4న ఫోర్ట్ వేన్‌లోనే జరిగింది. క్లీవ్‌లాండ్ ఫారెస్ట్ సిటీ జట్టు మీద కెకియోంగా 2-0తో గెలిచింది. దాని పిచర్ (బ్యాటర్‌కి బంతి వేసేవాడు) బాబీ మాథ్యూస్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. సీజన్ ముగియకముందే జట్టు చేతులెత్తేసింది. 7 గెలుపులు, 12 ఓటములు, అంతే దాని చరిత్ర. ఇలాంటివి ఆ రోజుల్లో ఇంకా ఉన్నాయి. 1875లో కియోకుక్ వెస్టర్న్స్ 13 ఆటలాడి ఒక్కటే గెలిచింది. 1873లో బాల్టిమోర్ మేరీలాండ్ ఆడిన 6 ఆటలూ ఓడింది. 1884లో సెయింట్ పాల్ జట్టు యూనియన్ అసోసియేషన్ అనే లీగ్‌లో 9 ఆటలాడింది, సొంత ఊళ్లో ఒక్కటి కూడా లేదు. ఇంత చిన్న జట్ల ఆటగాళ్లకు కూడా ఈరోజు ఒక్కొక్కరికీ విడిగా లెక్క ఉంది. ఆ లెక్క ఎలా కట్టారో తెలిస్తే, నెల్లూరులోనో ఒంగోలులోనో రెండేళ్లు ఆడి ఆగిపోయిన క్లబ్బు స్కోరు పుస్తకాలను ఏం చేయాలో కూడా తెలుస్తుంది. బేస్‌బాల్ బాక్స్ స్కోర్‌కి (ఒక ఆటలో ఒక్కో ఆటగాడి అంకెలు చూపే పట్టిక) రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, ముందు క్రికెట్ వార్తలు రాసిన మనిషి. అందుకే ఆ పట్టిక క్రికెట్ స్కోరు చూసే కంటికి పెద్ద కొత్తగా ఉండదు.

ముందు ఆటల జాబితా, తర్వాతే ఆటగాళ్లు

ఆటగాళ్ల పేర్లతో మొదలుపెట్టకండి. మొదట ఆటల జాబితా తయారవ్వాలి. ఎక్సెల్‌లోగానీ, పొడుగు రిజిస్టర్‌లోగానీ ఒక్కో ఆటకి ఒక్కో వరస. అందులో తేదీ, గ్రౌండు, ప్రత్యర్థి, ఫలితం, రెండు జట్ల మొత్తం స్కోరు, ఆధారం ఎక్కడ దొరికింది, స్కోరు పూర్తిగా ఉందా సగమేనా అన్న ఎనిమిది గడులు చాలు. స్కోరు దొరకని ఆటకి కూడా వరస ఉండాలి. ఈ జాబితా పూర్తయితేనే "జట్టు ఆడినవి 19, అందులో 14కి పూర్తి స్కోరు ఉంది" అని ధైర్యంగా రాయగలుగుతారు. ఆ వాక్యం లేని సగటుకు విలువ లేదు.

ఏ ఆట లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కెకియోంగా తప్పుకున్నాక 1871 ఆగస్టులో బ్రూక్లిన్ ఎక్‌ఫోర్డ్ జట్టు చేరింది. కానీ ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఆ ఏడు దాని ఆటలను చాంపియన్‌షిప్ పట్టికలో కలపలేదు. అదే సీజన్‌లో రాక్‌ఫోర్డ్ జట్టు గెలిచిన ఆటలు కొన్ని ఓటములుగా మారిపోయాయి. నిబంధనల ప్రకారం అర్హత లేని ఆటగాడిని ఆడించడమే అందుకు కారణం. మన దగ్గర కూడా సంక్రాంతి టోర్నమెంటు, లీగ్ మ్యాచ్, ఆదివారం సరదాగా పెట్టుకున్న మ్యాచ్ మూడూ ఒకే స్కోరు పుస్తకంలో కలిసి ఉంటాయి. జాబితాలో "రకం" అని తొమ్మిదో గడి పెట్టి మూడింటినీ వేరు చేయండి. టోర్నమెంటు లెక్క ఒకటి, లీగ్ లెక్క ఒకటి, స్నేహపూర్వక మ్యాచ్‌ల లెక్క ఒకటి. మొత్తం కలిపి చూపించాలంటే నాలుగో పట్టిక వేయండి. ఒకసారి కలిపేశాక విడదీయడం చాలా కష్టం.

ఈ తేడా ఎంత పెద్దదో మాథ్యూస్‌ని చూస్తే అర్థమవుతుంది. పిచర్‌గా అతని ఖాతాలో పడిన గెలుపులు మొత్తం 297. అందులో 131 నేషనల్ అసోసియేషన్‌లో వచ్చినవి. ఆ లీగ్ షెడ్యూలు, నిర్వహణ నిలకడగా లేవని చెప్పి 1969లో మేజర్ లీగ్ కమిటీ దాన్ని మేజర్ లీగ్‌గా గుర్తించలేదు. దాంతో అధికారిక లెక్కలో అతనికి మిగిలింది 166. మనిషి అతనే, గెలుపులూ అవే. ఏ ఆటలు కలుపుతున్నామన్న నిర్ణయం ఒక్కటే తేడా. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్, నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌ల లెక్కలను తనలో కలుపుకున్నప్పుడు లీగ్ ఆటలనే తీసుకుని, ఊరూరా తిరిగి ఆడిన ప్రదర్శన ఆటలను పక్కన పెట్టారు. అలా కట్టిన లెక్కలోనే నీగ్రో లీగ్ ఆటగాడు జాష్ గిబ్సన్ 0.372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వాటా; హిట్ అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం), అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చాడు.

ఆధారాలు ఎక్కడ వెతకాలి

స్కోరు పుస్తకం దొరికితే అదే మొదటి ఆధారం. తర్వాత పత్రికలు. నెల్లూరు నుంచి వచ్చే జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ చూడాలి. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం తప్పక వెళ్లాల్సిన చోటు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లా కిందికి వచ్చింది.

పత్రికలో "గత ఆదివారం" అని ఉంటే అచ్చైన తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. వారపత్రికలో వార్త ఒక వారం ఆలస్యంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఆ తేదీ పక్కన "సుమారు" అని రాయండి. ఒకే ఆట రెండు పత్రికల్లో రెండు తేదీలతో వస్తే రెండు ఆటలుగా ఎక్కించేసే ప్రమాదం ఉంది. ప్రత్యర్థి, రెండు జట్ల స్కోర్లు పోల్చి చూస్తే పట్టుకోవచ్చు.

జిల్లా పేరు చూసి జట్టును నిర్ణయించకండి. 1970 ఫిబ్రవరి 2కి ముందు ప్రకాశం జిల్లానే లేదు. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తీసి ముందు ఒంగోలు జిల్లాగా ఏర్పాటు చేశారు, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి 1960ల నాటి "నెల్లూరు జిల్లా జట్టు"లో కందుకూరు, కనిగిరి, పొదిలి కుర్రాళ్లు ఉండొచ్చు. ఒంగోలు, చీరాల ఆటగాడు గుంటూరు జట్టులో, మార్కాపురం, గిద్దలూరు ఆటగాడు కర్నూలు జట్టులో దొరుకుతాడు. ఈ సంగతి తెలియకపోతే ఒకే మనిషిని ఇద్దరుగా రాస్తారు.

పేర్లు

ఎక్కువ సమయం తినేది ఇదే. 1871 బాక్స్ స్కోర్లలో ఇంటిపేరు మాత్రమే ఉండేది, అది కూడా రకరకాల స్పెల్లింగులతో. మన స్కోరు పుస్తకాల్లో పరిస్థితి ఇంకా ఇబ్బంది. "రెడ్డి 14" అని రాసి ఉంటే నెల్లూరు జిల్లాలో అది ఎవరో చెప్పడం అసాధ్యం. "శ్రీను" కూడా అంతే.

ప్రతి ఆటగాడికీ ఒక నంబరు ఇవ్వండి. 1 నుంచి మొదలుపెట్టి, పట్టికల్లో ఎక్కడైనా ఆ నంబరునే వాడండి. పేర్ల జాబితా వేరే పేజీలో ఉంటుంది. అందులో నంబరు, ఇంటిపేరుతో పూర్తి పేరు, స్కోరు పుస్తకంలో కనిపించిన రూపాలన్నీ (కె. శ్రీనివాసులు, శ్రీను, కె.ఎస్., వాసు), చేతివాటం, బౌలరా కీపరా అన్న వివరం ఉండాలి. ఒక "రెడ్డి" ఎవరో తేలకపోతే అతనికి విడిగా నంబరు ఇచ్చి అలాగే ఉంచండి. ఊహించి ఎవరి ఖాతాలోనూ వేయొద్దు. తర్వాత తేలితే నంబరు మార్చడం ఒక్క నిమిషం పని.

ఒక చిన్న చిట్కా: బ్యాటింగ్ క్రమం చాలాసార్లు మనిషిని పట్టిస్తుంది. అంతకుముందు ఐదు ఆటల్లో రెండో స్థానంలో దిగినవాడే ఈ ఆటలో కూడా రెండో స్థానంలో ఉంటే, అదే రోజు ఇంకో రెడ్డి పూర్తి పేరుతో కనిపిస్తే, నమ్మకం పెరుగుతుంది. అయినా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఇంకొక ఊరి నుంచి డబ్బులిచ్చి తెచ్చుకున్న ఆటగాళ్ల లెక్క కూడా జట్టులో భాగమే. కెకియోంగాలో మాథ్యూస్‌తో పాటు బాల్టిమోర్ నుంచి వచ్చినవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్లు లేకుండా ఆ జట్టే లేదు. అయితే ఆ ఆటగాడు అదే ఏడు వేరే జట్టుకి ఆడిన ఆటలను ఇక్కడ కలపకూడదు.

అంకెలు ఎక్కించడం

ఆటగాడి వారీగా కాకుండా ఆట వారీగా ఎక్కించండి. ఒక ఆట పూర్తిగా ఎక్కించి, కూడికలు సరిచూసి, అప్పుడు తర్వాతి ఆటకి వెళ్లాలి.

తెలియని గడిని ఖాళీగా కూడా వదలొద్దు, చిన్న గీత పెట్టండి. ఖాళీ అంటే "ఇంకా ఎక్కించలేదు", గీత అంటే "వెతికాం, దొరకలేదు", సున్నా అంటే "ఆడాడు, రాలేదు". ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. ఎక్సెల్‌లో సగటు తీసే ఫంక్షన్ గీతను, ఖాళీని వదిలేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలో కలుపుతుంది.

క్రికెట్ స్కోరుకి ఈ నాలుగు సరిచూపులు ప్రతి ఇన్నింగ్స్‌కీ చేయండి.

బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు మొత్తం రావాలి.

బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలు, లెగ్ బైలు కలిపితే అదే మొత్తం రావాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1980లకు ముందు స్కోరు పుస్తకాల్లో వైడ్‌లు, నోబాల్‌లు బౌలర్ ఖాతాలో వేసేవాళ్లు కాదు. మొత్తం తేడా సరిగ్గా వైడ్‌లు, నోబాల్‌ల సంఖ్యకి సమానమైతే అది స్కోరర్ తప్పు కాదు, ఆనాటి పద్ధతి. పాత అంకెను దిద్దకుండా పక్కన గుర్తు పెట్టండి.

బౌలర్ల వికెట్లకి రనౌట్లు కలిపితే పడిన వికెట్లతో సరిపోవాలి.

ఆలౌట్ అయితే నాటౌట్ ఒక్కరే ఉండాలి. 7 వికెట్లు పడితే ఇద్దరు నాటౌట్, ఇద్దరు బ్యాటింగ్‌కి దిగనివాళ్లు. దిగనివాళ్లకి 0 రాసేయడం చాలా స్కోరు పుస్తకాల్లో కనిపించే పొరపాటు.

బేస్‌బాల్‌కి కూడా ఇలాంటి సరిచూపు ఉంది, నిజానికి ఇంకా పదునైనది. బ్యాట్ పట్టుకుని దిగిన ప్రతివాడికీ మూడే దారులు: ఔటవుతాడు, పరుగు తీస్తాడు, లేదా ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్ (పరుగు కోసం వరసగా చుట్టి రావాల్సిన గుర్తుల్లో ఒకటి) మీద మిగిలిపోతాడు. అందుకని జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలినవాళ్లు, ఔట్లు మూడూ కలిపితే, జట్టు మొత్తం ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగిందో వస్తుంది. ఉదాహరణకి 9 పరుగులు, మిగిలినవాళ్లు 6, ఔట్లు 27 (తొమ్మిది ఇన్నింగ్స్‌కి మూడేసి) అయితే మొత్తం 42. అందులో వాక్‌లు (పిచర్ సరిగా వేయకపోవడంతో బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కి వెళ్లడం) 2 తీసేస్తే అట్-బ్యాట్‌లు, అంటే సగటు లెక్కలోకి వచ్చే అవకాశాలు, 40. ఆ కాలంలో ఆధిక్యంలో ఉన్న జట్టు కూడా తొమ్మిదో ఇన్నింగ్స్ పూర్తిగా ఆడేది కాబట్టి, మధ్యలో ఆగని ఆటలో రెండు వైపులా 27 ఔట్లు పెట్టుకోవచ్చు.

చాలా పాత బాక్స్ స్కోర్లలో అట్-బ్యాట్‌లే ఉండవు. ఔట్లు, పరుగులు అని రెండే వరసలు ఉంటాయి. అలాంటప్పుడు ఒక్కో ఆటగాడి ఔట్లు, పరుగులు కలపండి. అతను కనీసం అన్నిసార్లు దిగాడు. బేస్ మీద ఎన్నిసార్లు మిగిలాడో తెలిస్తే ఖచ్చితమైన సంఖ్య వస్తుంది. తెలియకపోతే అది కనీస సంఖ్యే, దాన్ని పెట్టి సగటు తీస్తే ఆటగాడికి ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

ఇంకో పద్ధతి మొత్తాన్ని 9తో భాగించడం, ఎందుకంటే తొమ్మిది మందే ఒకే వరసలో మళ్లీ మళ్లీ దిగుతారు. 42ని 9తో భాగిస్తే 4 వచ్చి 6 మిగులుతుంది. అంటే వరసలో మొదటి ఆరుగురు ఐదేసిసార్లు, చివరి ముగ్గురు నాలుగేసిసార్లు దిగారు. ఈనాటి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆటలకి, మధ్యలో ఆటగాళ్లను మార్చకపోతే, ఇది చక్కగా పనిచేస్తుంది. 1871 ఆటలకి మాత్రం గుడ్డిగా వాడకూడదు. పాత నిబంధన ప్రకారం కొత్త ఇన్నింగ్స్‌లో మొదట దిగేది, మూడో ఔట్ అయిన మనిషి తర్వాత పేరున్నవాడు. ఆ మూడో ఔట్ బ్యాట్ దగ్గర కాకుండా బేస్‌ల మధ్య పరుగెత్తేవాడిది అయితే వరస వెనక్కి వెళ్తుంది. కొందరికి అదనంగా ఒక అవకాశం వస్తుంది, భాగహారం తప్పుతుంది. 1871 ఆటకి ఔట్లు-పరుగుల పద్ధతినే నమ్మండి.

ఓవర్లు, ఇన్నింగ్స్‌లు కూడేటప్పుడు

ఎక్సెల్ వాడేవాళ్లు అందరికన్నా ఎక్కువగా తప్పేది ఇక్కడే. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు. ఇది దశాంశం కాదు. 4.3కి 3.4 కలిపితే ఎక్సెల్ 7.7 అంటుంది. అలాంటి ఓవర్ లోకంలో లేదు. బంతులుగా మార్చి 27, 22 కూడితే 49, అంటే 8.1 ఓవర్లు. ఆ రెండు ఆటల్లో బౌలర్ 38 పరుగులిస్తే ఓవర్‌కి 4.65. 7.7తో భాగిస్తే 4.94 వస్తుంది. నాలుగు ఆటల టోర్నమెంటులో ఇంత తేడా బౌలర్ల వరసనే తలకిందులు చేస్తుంది.

కాబట్టి ఓవర్ల గడి పక్కనే బంతుల గడి పెట్టి, కూడికలన్నీ అందులోనే చేయండి. బేస్‌బాల్ పిచర్ ఇన్నింగ్స్ కూడా ఇంతే, కాకపోతే 6కి బదులు 3. 5.2 ఇన్నింగ్స్ అంటే 17 ఔట్లు, 6.1 అంటే 19. రెండూ కలిపితే 36, సరిగ్గా 12 ఇన్నింగ్స్. ఎక్సెల్ దాన్ని 11.3 అని చూపిస్తుంది.

సగటు తీసేటప్పుడు

పైన ఉన్న అంకె, కింద ఉన్న అంకె ఒకే ఆటల నుంచి రావాలి. ఒక బ్యాటర్ 12 ఇన్నింగ్స్‌లో 310 పరుగులు చేశాడు, బంతుల లెక్క మాత్రం 7 ఇన్నింగ్స్‌కే దొరికింది అనుకోండి. ఆ ఏడింటిలో 190 పరుగులు, 152 బంతులు. స్ట్రైక్ రేట్ 125. పొరపాటున 310ని 152తో భాగిస్తే 203.9 వస్తుంది. పాత స్థానిక జట్ల లెక్కల్లో నమ్మలేనంత స్ట్రైక్ రేట్ కనిపిస్తే, ముందు ఇదే అనుమానించాలి.

నియమాలు మారితే అంకె అర్థం మారుతుంది. 1887లో బేస్‌బాల్‌లో వాక్‌ని కూడా హిట్‌గా లెక్కేశారు, ఆ ఒక్క ఏడే సగటులు ఆకాశానికి లేచాయి. 1871లో పిచర్ 45 అడుగుల దూరం నుంచి చెయ్యి కింది నుంచే వేయాలి, బ్యాటర్ బంతి పైకి కావాలో కిందికి కావాలో అడగొచ్చు, ఫీల్డర్లకి చేతి తొడుగులు లేవు. ఎర్రర్లతో, అంటే ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చిన పరుగులే కుప్పలు. అలాంటి సీజన్‌లో పిచర్ ఇచ్చిన పరుగుల సగటును ఇప్పటివాళ్లతో పోల్చడం పనికిరాదు. అదే సీజన్‌లోని వేరే పిచర్లతో పోల్చాలి. మన దగ్గర టెన్నిస్ బంతితో పది ఓవర్ల మ్యాచ్ సగటును, మ్యాటింగ్ పిచ్ మీద లెదర్ బంతితో ఆడిన మ్యాచ్ సగటును ఒకే పట్టికలో పెట్టడం కూడా ఇలాంటిదే.

చిన్న జట్టులో అంకెలు ఎంత తేలిగ్గా ఊగుతాయో ముందే తెలిసి ఉండాలి. 80 అట్-బ్యాట్‌లలో 24 హిట్లయితే 0.300. రెండు హిట్లు ఎక్కువైతే 0.325, రెండు తక్కువైతే 0.275. స్కోరర్ రెండు బంతులను హిట్ అనాలా ఎర్రర్ అనాలా అని తీసుకున్న నిర్ణయమే ఆ తేడా. అందుకే కనీస అర్హత పెట్టి, దానికి తక్కువ ఆడినవాళ్లను సగటు వరసలో కాకుండా పేర్ల అక్షరక్రమంలో కింద విడిగా ఇవ్వండి. క్రికెట్‌కి, జట్టు ఆడిన ఆటల్లో సగమైనా బ్యాటింగ్‌కి దిగి ఉండాలన్న గీత సరిపోతుంది. అందరి పేరూ పట్టికలో ఉండాలి. ఒక్క ఆట ఆడి ఒక్క బంతి కూడా ఎదుర్కోనివాడి పేరు కూడా. అతను ఆ జట్టులో ఉన్నాడనడానికి ఇదొక్కటే సాక్ష్యం కావచ్చు.

భద్రపరచడం

స్కోరు పుస్తకం పేజీలను ఫోన్‌తో కాకుండా వీలైతే స్కానర్‌తో, 300 డీపీఐకి తగ్గకుండా, రంగులో తీయండి. పెన్సిల్ గీతలు నలుపు-తెలుపు స్కాన్‌లో మాయమవుతాయి, డాట్ బాల్ చుక్కలు మరకల్లో కలిసిపోతాయి. చిరిగిన పేజీకి సెల్లో టేపు వేయొద్దు. కొన్నేళ్లకి అది పసుపెక్కి, కింద ఉన్న సిరాను కూడా తినేస్తుంది. పిన్నులు, క్లిప్పులు తీసేయండి, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు త్వరగా పట్టి కాగితానికి చిల్లు పడుతుంది. చెదల భయం ఉన్న ఇంట్లో గోడకి ఆనించిన చెక్క బీరువా కన్నా మూతున్న ప్లాస్టిక్ డబ్బా మేలు.

పూర్తయిన పట్టికను ప్రింటు తీసి ప్రతి పేజీ కింద తేదీ, ఎన్నో కూర్పో వేయండి. మొదటి పేజీలో ఆడిన ఆటలు, స్కోరు దొరికిన ఆటలు, గీతకి అర్థం, సున్నాకి అర్థం రాయండి. కొత్త స్కోరు దొరికినప్పుడు పాత కూర్పును చెరిపేయకుండా, ఏ ఆటలో ఏ అంకె మారిందో ఒక వరసలో రాసి, కొత్త కూర్పుకి తర్వాతి సంఖ్య ఇవ్వండి. ఒక ప్రతి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి ఆ జట్టు పెద్దల్లో ఎవరికైనా ఇచ్చి, మూడోది మీ దగ్గర ఉంచుకోండి.